అశోకుడికి అరమార్కు

సోషల్ సారు సెలవు పెడితే ఆ పీరియడ్ లెక్కల సారుకి వెళుతుంది. లెక్కల సారు సెలవు పెడితే ఆ పీరియడ్ పక్క సెక్షన్ లెక్కల సారుకి వెళుతుంది. మన హైస్కూళ్లలో చరిత్ర, భూగోళాల హోదా తెలుసుకోవడానికి వేరే కమిటీ అక్కర్లేదు.

ఏడో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ పడుతున్న కాలం. కాకతీయులు ఏ ఎంట్రన్సులో వస్తారని తండ్రి నిలదీస్తే హెడ్మాస్టరు మాత్రం ఏం చెబుతాడు? (గ్రూప్స్‌లో వస్తారు. అబ్బాయికి ముప్పయ్యేళ్లొచ్చాక హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకుని, ఇదే ఏడో తరగతి సోషల్ పుస్తకం కొనుక్కుని మొదటిసారి చదువుతాడు.)

అశోక్‌నగర్ అంటే గుర్తొచ్చింది. అశోకుడు ఏం చేశాడు? రోడ్డుకు ఇరువైపులా చెట్లు నాటించాడు. తాతా ఇదే రాశాడు, మనవడూ ఇదే రాస్తున్నాడు. తమాషా ఏమిటంటే, ఆ మాట చెక్కిన బండ మన ఇంటి పెరట్లోనే ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో, గుత్తికి దగ్గర్లో, గుట్ట మీద. దారుల వెంట చెట్లే కాదు, బావులు, మందు మొక్కలు, మనుషులతో పాటు పశువులకూ వైద్యం, అదీ సరిహద్దులు దాటి చోళ, పాండ్య రాజ్యాల దాకా అని రెండో శిలాశాసనం చెబుతుంది. ఇంత సరుకు ఒక్క బిట్టులో పట్టదు గనక గైడువాళ్లు చెట్ల దగ్గరే ఆపేశారు. ఏ పిల్లాడైనా పశువుల ఆసుపత్రి సంగతి రాస్తే, కీలో లేదు కాబట్టి అరమార్కు.

ఆ గుట్ట మీదే ఇంకో చిన్న శాసనం ఉంది. అందులో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. ఇవాళ ఎవడైనా అలా రాస్తే పేరెంట్‌ను పిలిపిస్తారు. ఏనుగులు తోలేవాళ్లూ లేఖకులూ కూడా తమ శిష్యులకు పద్ధతిగా నేర్పాలని అందులో చక్రవర్తి ఆజ్ఞ. పైగా ఈ శాసనాలు మొదట కంటపడింది ఒక భూగర్భ శాస్త్రవేత్తకు. చరిత్ర పీరియడ్‌ను వేరే సబ్జెక్టువాళ్లు లాక్కోవడం అప్పటికే ఉందన్నమాట. మరి విజ్ఞాన యాత్ర అని బ్యానరు కట్టిన బస్సు ఎటు వెళుతుంది? వాటర్ పార్కుకి.

పోనీ, రాజులు మారినా భూగోళం మారదనుకున్నాం. భారత తీరరేఖ 7,516.6 కిలోమీటర్లని దశాబ్దాలుగా బట్టీ పట్టించాం. ఇప్పుడది 11,098.81. ఆంధ్ర తీరం 974 నుంచి 1,053కి పెరిగింది. సముద్రం మనకు జానెడు నేల ఇచ్చింది లేదు, ఉప్పాడలోనైతే ఉన్న ఇళ్లే లాక్కుంది. మారింది కొలత. 45 లక్షల వంతు స్కేలు మ్యాపులో నున్నగా కనిపించిన గీత, రెండున్నర లక్షల వంతు మ్యాపులో వంకరటింకరగా తేలింది. వంకరలన్నీ కలిపితే పొడవు పెరిగింది. రెండు మ్యాపులూ ఒక దారం ముక్కా చేతికిస్తే ఆరో తరగతి పిల్లలు ఒక్క పీరియడ్‌లో దీన్ని పట్టేస్తారు. అంత టైమెక్కడిది? పాత అంకె కొట్టేయించి కొత్త అంకె వేయించారు. ఎందుకు పెరిగింది సార్ అన్నవాణ్ణి బెంచీ ఎక్కించారు.

జిల్లాల సంగతి అడగొద్దు. తెలంగాణలో 10 ఉన్నవి 2016లో 31, 2019లో 33. ఆంధ్రలో 2022 ఏప్రిల్‌లో ఒక్క రోజులో 13 కాస్తా 26. స్టాఫ్ రూమ్ మూల చుట్టిపెట్టిన గోడ మ్యాపులో మాత్రం ఇంకా 23 జిల్లాలతో ఉమ్మడి రాష్ట్రం హాయిగా ఉంది. దుమ్ము దులిపితే రెండు ప్రభుత్వాలకూ ఇబ్బంది.

మీ ఊరు ఏ జిల్లారా అని అడిగి చూడండి. వాడు తెలివైనవాడు, ఎదురు ప్రశ్న వేస్తాడు: "మేం ఉండేదా సార్, మ్యాప్ పాయింటింగ్‌లో వచ్చేదా?"