బీరువాలో బ్రాంచి ఆఫీసు

బల్ల సర్దుకోలేనివాడు బతుకేం సర్దుకుంటాడని యూట్యూబు గురువులు రోజూ చీవాట్లు పెడుతున్నారు. తెల్లవారుజామున అయిదింటికి లేవాలట. చెయ్యాల్సిన పనులు రాసుకోవాలట. బల్ల మీద లాప్‌టాపూ, ఓ బుల్లి మొక్కా తప్ప ఇంకేమీ కనబడకూడదట. ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ ఆయన టమాటా ఆకారంలో ఉన్న వంటింటి గడియారం తిప్పి, 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అన్నాడు. ఆ 25 నిమిషాల్లో సిలిండరు అబ్బాయి ఓటీపీ అడగడం, వాచ్‌మన్ వచ్చి మోటరు కాలిపోయిందనడం ఆయన లెక్కలో లేవు.

ఇల్లు సర్దుకోవడం నేర్పే జపాన్ మేరీ కొండోది ఇంకా గుండెధైర్యం. వస్తువును చేతిలోకి తీసుకో, మనసు పులకరిస్తే ఉంచు, లేకపోతే సాగనంపు అంది. కాగితాలకైతే ఆ పరీక్ష కూడా దండగే, తప్పనిసరివి నాలుగు మినహాయించి అన్నీ పారెయ్యమంది. సరే, బీరువా తెరిచి ఇంటి ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) పట్టుకోండి. ఏమైనా పులకరించిందా? తాతగారి ఇంటిపేరులో ఒక దీర్ఘం ఎగిరిపోయిన లింకు డాక్యుమెంటు పట్టుకోండి. గుండెదడ తప్ప ఇంకేం రాదు. అయినా దాన్ని పారేసిన మొనగాడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దొరకడు. కొండో కూడా మూడో బిడ్డ పుట్టాక సర్దుడు దాదాపు వదిలేశానని 2023లో ఒప్పేసుకుంది. పాపం, ఆవిడ మన సబ్ రిజిస్ట్రారు ఆఫీసు చూడకుండానే ఓడిపోయింది.

అసలు ఈ చెత్త మనదైతే కదా సిగ్గుపడటానికి! పుట్టిన తేదీ కాగితం ఇచ్చేది మున్సిపాలిటీ. దాన్ని తెమ్మనేది ఇంకో శాఖ. ఇద్దరూ ఒకే సర్కారు కొలువే. ఈ గదిలో కాగితం ఆ గదికి మోసే బంట్రోతు పని మాత్రం మనది. జీతం లేదు సరికదా, జిరాక్సు డబ్బులు కూడా మనవే. పాన్ ఇచ్చిందీ, ఆధార్ ఇచ్చిందీ వాళ్లే. ఆ రెండు నంబర్లూ ఒకే మనిషివని వాళ్లకి ఆలస్యంగా చెప్పినందుకు 1000 రూపాయలు కట్టించుకున్నదీ వాళ్లే.

పింఛనుదారుల సంగతి మరీ ముచ్చట. ఏటా నవంబరులో తాము బతికే ఉన్నామని రుజువు చేసుకోవాలి. దీనికి 2014లో డిజిటల్ మార్గం వేశారు. నలభై ఏళ్లు సుద్దముక్క పట్టి అరిగిన వేలు మెషిన్‌కి ఆనలేదు. ఎదురుగా కూర్చుని దగ్గుతున్నా మాస్టారు బతికున్నట్టు లెక్కలోకి రాలేదు. తర్వాత ముఖం చూసి పోల్చే ఏర్పాటు చేశారు. ఇప్పుడు ఫోను ముందు కళ్లార్పితే మరో ఏడాది బతకనిస్తారు.

2015లో డిజీలాకర్ వచ్చింది. అందులో జారీ అయిన పత్రం అసలు కాగితంతో సమానమని 2017లో నిబంధన కూడా రాశారు. ఫోనులో తెరిచి చూపించండి, కౌంటరు వెనక ఆయన మెచ్చుకోలుగా చూస్తాడు.

"బాగుందండి. ప్రింటు తీసి ఇవ్వండి."

ఇస్తారు.

"ఒరిజినల్ ఏదీ?"

కంపెనీలు ఇంకో ఆకు ఎక్కువే చదివాయి. 2020లో ఆఫీసునే తెచ్చి మన భోజనాల బల్ల మీద పెట్టాయి. కుర్చీ మనది, కరెంటు మనది, నడుంనొప్పి మనది. మౌసు కదలకపోతే సంజాయిషీ కూడా మనదే. పైగా ఇంటినుంచి సమర్థంగా పనిచేయడం ఎలా అని శిక్షణ, అదీ శనివారం.

ఇంత ఊడిగం చేయించుకున్నవాళ్లని వదిలేసి, రంగురంగుల ఫైళ్లు కొనుక్కోలేదని మనల్ని దెప్పుతున్నాడు గురువు. క్రమశిక్షణ పాఠం ఆయన ఒక్కసారి కౌంటరుకి అవతలివైపు చెప్పి రావాలి. మూడు కాపీలు అడగడం ఒక రోగం, తీసుకున్న కాపీ దాచలేకపోవడం అంతకంటే పెద్ద రోగం.

కాబట్టి ఈ ఆదివారం బీరువా జోలికి పోకండి, హాయిగా పడుకోండి. ఈసారి ఎవరైనా ఆధార్ జిరాక్సు అడిగితే, ఇచ్చేముందు మర్యాదగా ఒక్క మాట అడగండి: "పోయినసారి ఇచ్చింది ఎక్కడ పెట్టారండీ?"