‘రేపొస్తా’కు టీకా తాత్పర్యం

మూలం:
ఒరేయ్, దిగాను. అక్క వాళ్లింట్లో ఉంటా. రేపు పొద్దున్నే లైబ్రరీ మీదుగా నడిచొస్తా. వదినతో చెప్పు, ఏం చెయ్యొద్దని.

అవతారిక: ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్థిరపడిన బాల్యమిత్రుడొకడు దుబాయ్‌లో విమానం మారి, శంషాబాద్‌లో దిగీ దిగగానే, రాత్రి 1:20కి, చిక్కడపల్లివాసి అయిన ఈ వ్యాఖ్యాతకు పంపిన వాట్సాప్ సందేశమిది. మేఘసందేశానికి వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరి మన మెదక్ జిల్లా కొల్చారంవాడే. మూలంలో లేనిది రాయనని ఆయన నియమం పెట్టుకున్నాడు. నాకు అలాంటి నియమాలేమీ లేవు.

ప్రతిపదార్థం: ఒరేయ్ = ఓ మిత్రమా (అక్కడ ఇలా పిలవడానికి వాడికెవరూ లేరు గనుక ఆ ముచ్చట ముందే తీర్చుకుంటున్నాడు); దిగాను = బెల్టు దగ్గర సూట్‌కేసు కోసం పడిగాపులు పడుతున్నాను; అక్క వాళ్లింట్లో = నారాయణగూడలో; ఉంటా = మీ ఇంట్లో దిగలేదని నిష్ఠూరమాడకు; లైబ్రరీ మీదుగా = దీని సంగతి విశేషాంశంలో; వదినతో = నా భార్యతో; మిగిలినవి సులభాలు కావు.

శంక: ‘రేపు’ అంటే ఎప్పుడు? అర్ధరాత్రి దాటింది కదా, క్యాలెండరు ప్రకారం రేపంటే మర్నాడు, తొందరేమీ లేదు, పడుకోవచ్చని పూర్వపక్షం. అది చెల్లదు. శీతకాలంలో జర్మనీ మనకన్నా 4 గంటల 30 నిమిషాలు వెనక. వాడి ఒంటికింకా రాత్రి 8:50, నిన్నటి తేదీయే. కనుక వాడి రేపు మన ఈరోజే. పోనీ పంచాంగం చూద్దామా, దానికి సూర్యోదయంతో గానీ రోజు మారదు. అక్కడా రాబోయే తెల్లవారే రేపు. జర్మనీ గడియారమూ మన పంచాంగమూ ఒక్క మాట మీద నిలబడ్డాక ఇక వాదమేముంది?

మరి ఈ అర్ధరాత్రి మీమాంస ఎందుకంటారా, పెసలు నానాలి. నాలుగైదు గంటలైనా నానకపోతే పెసరట్టు లేదు.

‘ఏం చెయ్యొద్దు’ అన్నాడుగా, పెసరట్టెందుకని రెండో శంక. ఇది వ్యాకరణంలో నిషేధం, వ్యవహారంలో విధి. కిందటిసారి మా ఆవిడ ఈ వాక్యానికి వాచ్యార్థమే తీసుకుని కాఫీ మాత్రం ఇచ్చింది. వాడు గ్లాసు చేత్తో తిప్పుతూ, వంటింటి గుమ్మం వైపే చూస్తూ, ‘వదినా, అల్లప్పచ్చడి వాసనొస్తోందే’ అన్నాడు. ఆ వాసన పక్కింటిది. అప్పటినుంచి ఆవిడ వ్యాఖ్యానమే ప్రమాణం. ఈసారి నేను సందేశం చదివి వినిపిస్తుండగానే లేచి వెళ్లి పెసలు నీళ్లలో పోసింది.

విశేషాంశం: నారాయణగూడ నుంచి చిక్కడపల్లికి మెట్రోలో పక్క స్టేషనే. 2020 ఫిబ్రవరి 7న ఆ దారి మొదలైంది. నడిచినా తిన్నగా రావచ్చు. మరి అశోక్‌నగర్ వైపు తిరిగి లైబ్రరీ మీదుగా రావడమెందుకు? ఇక్కడుంది ధ్వని. ఒకప్పుడు గ్రూప్స్ రాద్దామని మేమిద్దరం నగర కేంద్ర గ్రంథాలయంలో బల్ల పంచుకున్నవాళ్లమే. ఒక్క నోట్సు, ఇద్దరికీ అదే. ఉద్యోగం ఇద్దరికీ రాలేదు. ఇప్పుడూ అక్కడ పాలిటీ పుస్తకం చంకన పెట్టుకుని, పొద్దున్నే సీటు కోసం వచ్చే పిల్లలే. జెరాక్సు షాపులూ, హాస్టల్ బోర్డులూ ఇంకా పెరిగాయి. వాడు నన్ను చూడ్డానికొస్తున్నాడు, నిజమే. కానీ ముందు ఆ బల్లను చూస్తాడు. నేను రెండోవాణ్ని.

ఫలితం: ఉదయం ఎనిమిదికి పిండి సిద్ధం, పెనం సిద్ధం. మూలకర్త లేడు. మన ఎనిమిదంటే వాడి ఒంటికి తెల్లవారుజామున మూడున్నర. తూర్పుకు ప్రయాణించినవాడు ఒంటి గడియారాన్ని ముందుకు జరపాలి, వెనక్కి జరపడంకన్నా అది కష్టం. మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చి ‘గుడ్ మార్నింగ్’ అన్నాడు. అన్నం వేళకు పెసరట్లు లాగించి, ‘చెయ్యొద్దన్నానుగా వదినా’ అని మరొకటి వేయించుకున్నాడు.

తాత్పర్యం: విదేశాల్లో ఉన్న మిత్రులారా, ‘రేపు’ అని రాయకండి. తేదీ వెయ్యండి, గంట వెయ్యండి, అది ఎవరి గడియారమో కూడా వెయ్యండి.