ఆక్సిజన్ నిర్దోషి మహాప్రభో!

గౌరవనీయులైన కాలుష్య నియంత్రణ పెద్దల సముఖానికి,

విషయం: చెరువుల్లో చేపల మూకుమ్మడి చావుల కేసులో కరిగిన ఆక్సిజన్‌ను ముద్దాయిగా తొలగించమని విన్నపం.

సూచిక: చేపలు తేలిన ప్రతిసారీ వినవచ్చే ప్రకటన.

అయ్యా,

పటాన్‌చెరు చుట్టుపక్కల ఏ చెరువులో చేపలు వెల్లకిలా తేలినా మాకు ముందుగానే తెలిసిపోయే మాట ఒకటుంది: నీటిలో కరిగిన ఆక్సిజన్ తగ్గిందని. ఎవరూ తగ్గించలేదు, దానంతటదే తగ్గింది. ముద్దాయికి నోరు లేదు, వకీలు లేడు, అడ్రసు లేదు. ఇంతకన్నా అనుకూలమైన నేరస్థుడు ఏ శాఖకు దొరుకుతాడు? ఇన్నేళ్లుగా నింద మోస్తున్న ఆ అభాగ్యుడి తరఫున నేను వకాల్తా పుచ్చుకుంటున్నాను.

నా కక్షిదారు సంపన్నుడు కాడు. మన ఎండలకు లీటరు మంచినీటిలో నిండుగా కరిగినా ఎనిమిది మిల్లీగ్రాములకు అటూ ఇటూ ఉంటాడు. చేపలు పెరగాలంటే కనీసం నాలుగు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి లెక్క. నాచు పేరుకున్న చెరువులో రాత్రిళ్లు ఆక్సిజన్ ఇంకా పడిపోయి, తెల్లవారుజామున అడుగంటుతుంది. అప్పుడు చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఎక్కువ గాలి కావలసిన పెద్ద చేపలు ముందు పోతాయి, చిన్నవి తట్టుకుంటాయి. పొద్దెక్కి ఎండ తగిలాక నీరు కోలుకుంటుంది. నిజంగా గాలి చాలక చచ్చిన చావు సాధారణంగా ఇలా ఉంటుంది. మరి పట్టపగలు, పెద్దా చిన్నా తేడా లేకుండా, బొచ్చె, రవ్వ, బంగారుతీగ అన్నీ ఒకేసారి తేలితే? ఏ వేళకు చచ్చాయో, ఏ సైజువి ముందు పోయాయో చూసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. వలలు భుజాన వేసుకుని గట్టు మీద నిలబడ్డ మత్స్యకారుల సొసైటీ సభ్యుణ్ని అడిగితే చాలు.

ఇక నా తరఫు ప్రధాన సాక్షి కొర్రమీను. ఆషామాషీ సాక్షి కాదు, తెలంగాణ రాష్ట్ర చేప. దానికి మొప్పలతో పాటు తలలో గాలి పీల్చుకునే ఏర్పాటు వేరే ఉంది. మాటిమాటికీ పైకొచ్చి ఒక గుటక గాలి మింగి కిందికి పోతుంది. పైకి రానివ్వకపోతే నిండు చెరువులోనే ఊపిరాడక చచ్చే రకం అది. చేపల మార్కెట్‌లో తడి తొట్టెలో గంటల తరబడి ఎగిరెగిరి పడుతుండేది అందుకే. నీళ్లలో ఆక్సిజన్ సున్నా అయినా కొర్రమీనుకు పెద్ద పట్టింపు లేదు. మార్పు చేపదీ అదే దారి. కాబట్టి చచ్చిన కుప్పలో కొర్రమీనులు కనబడిన రోజున తమరి ప్రకటన ఆ కుప్ప పక్కనే కుళ్లిపోయినట్టు లెక్క.

పోనీ, ఆక్సిజన్ నిజంగానే తగ్గిన సందర్భాలూ ఉన్నాయి. ఒప్పుకుంటాను. అయితే దాన్ని ఎవరు తిన్నారు? సేంద్రియ వ్యర్థాలు నిండిన పారిశ్రామిక నీరు చెరువులో కలిస్తే, వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఉన్న ఆక్సిజన్‌నంతా మింగేస్తాయి. దోపిడీకి గురైనవాణ్నే దొంగ అని సంకెళ్లేస్తున్నాం.

కొన్ని అంకెలు కూడా మనవి చేస్తాను. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి ప్రచురించారు. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థ జలం అక్కడికి చేరేది. లీటరులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. అంటే పదహారు లీటర్లకు ఒక 500 మిల్లీగ్రాముల గోలీ, అదీ శుద్ధి చేశాక. రెండేళ్ల తర్వాత ఆ ప్రాంతపు చెరువుల నీటి లెక్కలు వచ్చాయి: అదే మందు లీటరుకు 6.5 మిల్లీగ్రాముల వరకు. చేపకు కావలసిన కనీస ఆక్సిజన్ నాలుగని తమరి పుస్తకంలోనే ఉంది. ఊపిరి కన్నా యాంటీబయోటిక్ ఎక్కువున్న చెరువన్నమాట. దానికి తోడు తుమ్ములకు వాడే సెటిరిజిన్ కూడా దొరికింది. చేపలకు తుమ్ములు వస్తాయని నేనెక్కడా వినలేదు. ఏటా మృగశిర కార్తెకు నాంపల్లిలో బత్తినివారు కొర్రమీను పిల్ల నోట్లో ఉబ్బసం మందు పెట్టి జనం చేత మింగిస్తారు. నగరానికి ఈ కొసన మాత్రం చేపలు చీటీ లేకుండా, క్యూ కట్టకుండా ఏడాది పొడుగునా మందు పుచ్చుకున్నాయి.

ఆ శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన వ్యర్థ జలాన్నే మంచినీటిలో 0.2 శాతం కలిపి అందులో కప్పపిల్లల్ని పెంచితే వాటి ఎదుగుదల 40 శాతం తగ్గిందని 2009లో ఇంకో పరిశోధన తేల్చింది. వెయ్యి చెంబుల మంచినీటికి రెండు చెంబులు! చావలేదు కాబట్టి వార్త కాలేదు. చెరువు మీద తేలేవి లెక్కకొస్తాయి. గిడసబారినవి, గుడ్లు పెట్టనివి, పొదిగీ బతకనివి ఏ పంచనామాలోనూ ఉండవు.

తర్వాత ఏం చేశామంటారా, చేశాం. శుద్ధి కేంద్రం నీటిని 18 కిలోమీటర్ల పైపులో నగరం మురుగులో కలిపి అంబర్‌పేట దాకా తోలాం. నక్కవాగు మీద బరువు కొంత తగ్గి మూసీ నెత్తిన పడింది. 2020 జనవరిలో కేంద్రం మందుల పరిశ్రమ నీటిలో యాంటీబయోటిక్‌లకు పరిమితులు పెడతానని ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది ఉత్తర్వు వచ్చేసరికి ఆ పరిమితులు మాయం. అంతకుముందే 2017లో గండిగూడెం చెరువులో చేపలు లక్షల్లో చచ్చాయి. ఒక శాఖ ఉచితంగా చేపపిల్లలు పోస్తుంది, వాటిని ముదిరాజులు, గంగపుత్రులు ఏడాదంతా కాపలా కాసి పెంచుతారు, ఇంకో శాఖ వచ్చి ఆక్సిజన్ మీద కేసు రాసుకుపోతుంది.

అయ్యా, చట్టంలో మాత్రం లోటు లేదు. మన పర్యావరణ నిబంధనల్లోనే ఒక పరీక్ష ఉంది: ఏమీ కలపని వ్యర్థ జలంలో చేపల్ని వదిలితే 96 గంటల తర్వాత నూటికి తొంభై బతికుండాలి. ఇంత చక్కటి మాట రాసిన మహానుభావుడెవరో గానీ ఆయన కాళ్లకు దండం పెట్టాలి.

ఆ పరీక్షే మేం కోరేది. తమరి కార్యాలయం గుమ్మం ముందు, జనం చూస్తుండగా, ఒక గాజు తొట్టి పెట్టించండి. ఫ్యాక్టరీ గొట్టం చివర పట్టిన నీరు పోసి, పది చేపలు వదలండి. ఆక్సిజన్ మీద నెపం రాకుండా గాలి పంపు కూడా తగిలించండి, కరెంటు బిల్లు మేం కడతాం. నాలుగో రోజు సాయంత్రం వచ్చి లెక్కపెట్టుకుంటాం. తొట్టికి నిధులు లేవంటే చెప్పండి, చందాలేసుకుని తెచ్చిస్తాం.

ఇట్లు,
తమ విధేయుడు,
కరిగిన ఆక్సిజన్ తరఫున, రుసుము లేని వకీలు