తలుపుల స్వయంవరం అను రంగుల ప్రబంధం

అవతారిక

మడత విప్పితే మంచమంత పరుచుకుని, మడిస్తే చంకలో ఒదిగిపోయే షేడ్ కార్డు మహాదేవికి ముందుగా సాష్టాంగ నమస్కారం. 1954లో ఆర్.కె. లక్ష్మణ్ గీతల్లో పుట్టి, చేత బ్రష్షూ డబ్బా ధరించి, రంగుల కొట్లలో దశాబ్దాలపాటు కొలువుదీరిన ఏషియన్ పెయింట్స్ వారి గట్టు ఈ కావ్యానికి విఘ్నాలు తొలగించు గాక! కుకవి నింద లేనిదే ప్రబంధానికి నిండుతనం రాదు కనుక అదీ కానిద్దాం. లప్పం ఆరకముందే రంగు పులిమేవాడూ, థిన్నరు ధారాళంగా పోసి డబ్బా మిగుల్చుకునేవాడూ, "ఎవడు చూస్తాడులే" అని తలుపు పై అంచుకీ కింది అంచుకీ రంగు ఎగ్గొట్టేవాడూ మా కావ్యపు గుమ్మం తొక్కకుందురు గాక!

ప్రథమాశ్వాసం: వీరుల వర్ణన

కాకినాడ అను పట్టణరాజం కలదు. అక్కడి ఉప్పుగాలి ఇనప గ్రిల్లుని చూస్తూండగానే తుప్పు పట్టిస్తుంది. వానాకాలపు తేమ తలుపుని ఉబ్బించి, గుమ్మంలో బిగించి, స్నానాలగదిలోని మనిషిని స్నానాలగదిలోనే బందీ చేస్తుంది. అట్టి పట్టణంలో ఇరిగేషన్ శాఖలో రిటైరైన ఇంజనీరుగారొకరు రెండంతస్తుల సౌధం లేపారు. సిద్ధాంతిగారు శ్రావణంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టారు. గోడల రంగు ఒక్క పూటలో తేలిపోయింది. ఇక మిగిలినవి తలుపులూ, గుమ్మాలూ, కిటికీ రెక్కలూ. శంఖాలు పూరించింది అక్కడే.

తూర్పున ఇంజనీరుగారు. ఉద్యోగపర్వమంతా సర్కారీ క్వార్టర్ల బూడిదరంగు తలుపుల వెనక గడిపిన ఆ మహారథుడికి బూడిదరంగే ధర్మం, తక్కినదంతా ఆడంబరం. పడమట ఆయన ధర్మపత్ని, కాఫీరంగు జెండా ఎత్తి, "ఏవండీ, మరకలు తుడవాల్సింది నేను" అని సింహనాదం చేశారు. ఉత్తరాన, కోనసీమ పెంకుటింట్లో పుట్టిపెరిగిన మామ్మగారు. తలుపంటే ఆవిడకి ఆకుపచ్చే. "ఆ రంగు లేనిది తలుపేవిట్రా, అట్టముక్క" అన్నది వారి బ్రహ్మాస్త్రం. ఆకాశమార్గాన, వీడియో కాల్ అనే పుష్పకమెక్కి, డాలస్ నుంచి కోడలు దిగింది: "అత్తయ్యగారూ, ఇక్కడ గుమ్మాలూ స్కర్టింగూ తెల్లగా ఉంచి, తలుపులకి బొగ్గు నలుపు వేస్తున్నారండీ. ఎంత బావుంటుందో!" కొడుకు ఆమె భుజం వెనక నిలబడి, తల ఎటు ఊపుతున్నాడో తెలియకుండా ఊపాడు.

ఇంతలో వడ్రంగి సభామధ్యంలో నిలిచి, "సింహద్వారం టేకండి. దాని మీద రంగేస్తే నా చేతులు పడిపోతాయండి, ఆయ్" అని భీష్మించాడు. సింహద్వారానికి పాలిష్ అని ఏకగ్రీవమైంది. సమరం లోపలి ఫ్లష్ తలుపులకీ, వేప గుమ్మాలకీ పరిమితమైంది. గడపలకి పసుపు, దాని మీద కుంకుమ బొట్లు. ఆ మాట మీద చర్చ లేవనెత్తే నాలుక ఆ వంశంలో ఇంతవరకు మొలవలేదు. వేల షేడ్లలో పోటీ లేకుండా గెలిచింది ఆ పసుపొక్కటే.

ద్వితీయాశ్వాసం: మతత్రయ వాదం, దమయంతి సంకటం

గుమ్మానికీ తలుపుకీ ఒకే రంగా, వేరు వేరు రంగులా? ఈ ప్రశ్న దగ్గర ఆ ఇల్లు వేదాంత సభ అయింది. "రెండూ కర్రే. భేదమంతా భ్రాంతి. ఒక్క డబ్బాతో పోతుంది" అని ఇంజనీరుగారు అద్వైతం స్థాపించారు. "గుమ్మం వేరు, తలుపు వేరు, రెంటికీ మధ్య గీత కనపడాలి" అని కోడలు ద్వైతం పలికింది. అత్తగారు విశిష్టాద్వైతిని: "రంగు ఒకటే ఉండనీండి, నిగారింపు మార్చుదాం."

నిగారింపు అన్నది సామాన్యమైన విషయమా! గ్లాసీ ఫినిష్ తడిగుడ్డకి ఇట్టే లొంగుతుంది కానీ, లప్పం సరిగా దిగని ప్రతి గుంటనీ, సాండ్ పేపరు తగలని ప్రతి గతుకునీ ఊరంతా దండోరా వేస్తుంది. మ్యాట్ తప్పులన్నీ కడుపులో దాచుకుంటుంది కానీ, వేలిముద్ర పడిందా, పోలీసు రికార్డులా భద్రపరుస్తుంది. శాటిన్ రెంటికీ మధ్య రాజీ కుదుర్చుతుంది. ఈ వాదం ఇంకా ఎన్ని కల్పాలు సాగేదో గానీ, కోడలు అమ్ములపొదిలోంచి చివరి బాణం తీసింది: "వేసవికి పిల్లల్ని తీసుకొస్తాం అత్తయ్యగారూ." విశిష్టాద్వైతం అక్కడికక్కడే ద్వైతంలో కలిసిపోయింది. గుమ్మం తెలుపు, తలుపు వేరే రంగు, రెండూ శాటిన్.

తెలుపు తేలింది సరే, ఏ తెలుపు? బల్ల మీద అయిదు తెల్ల చీటీలు వరసగా నిలిచాయి. అయిదూ ఒక్కలాగే ఉన్నాయి. ఇంద్రుడూ, అగ్నీ, వరుణుడూ, యముడూ నలుడి రూపు దాల్చి పక్కన కూర్చుంటే దమయంతి పడిన సంకటమే ఇంజనీరుగారి భార్యకీ కలిగింది. దమయంతికి గుర్తులు దొరికాయి: దేవతలకి రెప్ప పడదు, చెమట పట్టదు, పాదం నేలకి ఆనదు. ఈమెకి గుర్తు చూపించినవాడు పెయింటు మేస్త్రీ. జేబులోంచి తెల్ల కాగితం తీసి, చీటీలని ఒక్కొక్కటిగా దాని మీద పెట్టాడు. వేషాలు కరిగిపోయాయి. ఒకటి పసుపు, ఒకటి గులాబీ, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం పోకడలు పోయాయి. పాలరంగు ఒక్కటి మిగిలింది.

వరమాల పడబోతూండగా మేస్త్రీ మళ్ళీ చెయ్యడ్డం పెట్టాడు. "అమ్మగారూ, ఈ తెలుపు ఆయిల్ ఎనామెల్లో తీసుకున్నారనుకోండి, వెలుతురు తగలని చోట పసుపెక్కిపోద్దండి. స్టోరు రూములో వేసిన వెన్న నెయ్యయి కూర్చుంటదండి. నీళ్ళలో కలిపే ఎనామెల్ అలా తిరగదండి." చెమట పట్టేవాడే మనిషని దమయంతి వరించింది. ఈ స్వయంవరంలో మాత్రం చెమట పట్టని దేవతకే మాల పడింది.

తృతీయాశ్వాసం: యంత్రయాగం, సర్వజన విజయం

తలుపుల రంగుకి సంధి కుదిరింది: బూడిద కలిసిన కాఫీ. అందరూ మెయిన్ రోడ్డు కొట్టుకి దండు వెడలారు. కొట్టు కుర్రాడు నంబరు నొక్కాడు. మూత తీసిన తెల్లటి బేసు డబ్బా యంత్రం కింద కూర్చుంది. సన్నని ముక్కుల్లోంచి నలుపు ధార ఒకటి, ఇటుకరంగు ధార ఒకటి, పసుపు ధార ఒకటి జారి, ఆ తెలుపు మీద మూడు బొట్లుగా నిలిచాయి. "ఇంతేనా?" అని ఇంజనీరుగారు ఖర్చు లెక్క వేసే లోపే మూత బిగిసింది, డబ్బా షేకరెక్కింది, ప్రళయతాండవం మొదలైంది. తాండవం ఆగి మూత తెరిస్తే కాఫీ! కుర్రాడు ఆ రంగే వేలితో మూత మీద బొట్టు పెట్టి అప్పగించాడు. పూర్వం ఈ క్షీరసాగరంలో సీసమనే హాలాహలమూ పుడుతుండేది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన 2017 నవంబరు 1న అమల్లోకి రావడంతో, దాన్ని మింగడానికి పసిపిల్లలు నీలకంఠులు కావలసిన పని తప్పింది.

మేస్త్రీ ఒక ప్లైవుడ్ ముక్క మీద రెండు కోట్లు వేసి ఆరబెట్టాడు. అప్పుడు జరిగింది వినండి. రాత్రి ఇంజనీరుగారు దాన్ని వంటింట్లో 6500 కె తెల్ల ట్యూబ్‌లైటు కింద పెట్టి చూశారు. బూడిదరంగు! "నేను చెప్పిందే" అని మీసం దువ్వారు. భార్య హాల్లో 3000 కె పసుపు దీపం కింద నిలబెట్టారు. చిక్కటి కాఫీ! "చూశారా" అన్నారు. మసక వరండాలోంచి ఫోన్లో చూపిస్తే డాలస్‌లో అది బొగ్గు నలుపై తోచింది. "అత్తయ్యగారూ, నా మాట విన్నారు!" అని కోడలు కళ్ళు తుడుచుకుంది. ఒక్క డబ్బా, ముగ్గురు విజేతలు. మామ్మగారికి పూజగది తలుపు ఆకుపచ్చతో పట్టాభిషేకం జరిగింది. వేల నంబర్లు అచ్చేసిన కార్డు తేల్చలేని తగాదాని ఇంట్లో బల్బులు తేల్చేశాయి. రంగు సగం డబ్బాలో ఉంటే, సగం దీపంలో ఉంటుందన్నమాట.

మర్నాడు మేస్త్రీ కార్యరంగంలోకి దిగాడు. బ్రష్షుని డబ్బా అంచుకి రెండు వైపులా ఒత్తి, ఊపిరి బిగబట్టి, తెల్లటి గుమ్మానికి ఆనించిన తలుపు అంచు వెంట పైనుంచి కిందికి ఒక్క లాగుడు లాగాడు. టేపు లేదు, దారం లేదు. మడతబందు దగ్గర మాత్రం మణికట్టు కొంచెం తిరిగింది. కాఫీ ఒక్క చుక్కైనా తెలుపు సరిహద్దు దాటలేదు. డాలస్ ద్వైతం కాకినాడ గుమ్మంలో వెంట్రుకవాసి తేడా లేకుండా స్థిరపడింది.

ఫలశ్రుతి

ఈ కథ విన్నవారు, చదివినవారు, వాట్సాప్‌లో పంపినవారు షేడ్ కార్డుని నమ్మి మోసపోక, నమూనా ముక్కని తమ ఇంటి దీపాల కిందే పగలూ రాత్రీ చూసుకొందురు గాక! చెయ్యి పడే చోట తెల్లరంగు వేయించుకోకుందురు గాక! షేడ్ నంబరు డైరీలో రాసుకుని, మిగిలిన అరలీటరు డబ్బాకి మూత గట్టిగా బిగించి దాచుకొందురు గాక! గృహప్రవేశానికొచ్చిన చుట్టాలు తలుపు మీద చెయ్యి వేసి "బానే ఉంది గానీ..." అని ఆగినప్పుడు, ఆ "గానీ" తర్వాతి మాట వినపడనంత గట్టిగా భోజనాలకి పిలిచే స్థైర్యం వారికి సిద్ధించు గాక!