వంతెన కింద వానకోయిలలు

వైశాఖంలో ముసురు గోదావరి జిల్లాలకి కొత్త కాదండి. 2010 మేలో లైలా తుఫాను బాపట్ల దగ్గర ఒడ్డెక్కింది. 2022 మే 11న అసని మచిలీపట్నం, నరసాపురం మధ్య తీరం తాకింది. దాళ్వా ధాన్యం కళ్ళంలో తడుస్తుందని అందరూ కంగారుపడతారు, న్యాయమే. కాలవ వంతెన కింద వానకోయిల పిల్లలేమయ్యాయో అడిగే నాథుడే లేడు.

ఆ పిట్ట గింజ ముట్టదు. దోమైనా ఈగైనా గాల్లోనే పట్టుకోవాలి. చలిగాలితో ముసురు పట్టిందంటే పురుగు ఎగరదు. తల్లి నీళ్ళమీద ఎంత తిరిగినా ఉత్తనోటితోనే వస్తుంది. ఈకలు రాని పిల్లకి ఒంట్లో వేడి నిలవదు. తల్లి దాన్ని కప్పుకుని కూర్చుంటే తిండి లేదు, తిండికి వెళితే పిల్ల చల్లబడిపోతుంది. నాలుగు రోజులు వాన తెరిపివ్వకపోతే గూడు ఖాళీ. అటు తాడిచెట్ల మీదా ఇదే గండం. తాటాకు అడుగున ఈకలూ దూదీ ఉమ్మితో అంటించి గూడు కట్టే చిన్న పిట్ట కూడా గాల్లో పురుగుల మీదే బతకాలి.

మా రోజుల్లోనూ పిల్లలు చచ్చేవి. కానీ వాన వెలిసిందో లేదో, ఆ జంటే మళ్ళీ బురద ముక్కున కరుచుకుని గూడు మొదలెట్టేది. వేసవిలో కాలవలు కట్టేసినా మడుగుల్లో తడి ఉండేది. గట్లు మట్టివి. ఇంటింటా పశువులపాక, దొడ్లో పెంటకుప్ప, వాటిమీద కావలసినన్ని ఈగలు. ఇప్పుడేవీ అవి? గట్లకి సిమెంటు పూశారు. పాకలు పోయాయి. చేలో దోమపోటుకని కొట్టే మందుకి ఆ దోమతోపాటు అన్ని పురుగులూ పోతున్నాయి. భీమవరం, ఉండి వైపు పొలాలే చెరువులయ్యాయి, వాటిమీద పిట్ట వాలకుండా తీగలు. గట్టు వెడల్పు చేయాలంటే ముందు కొట్టేసేది తాడిచెట్టునే. వాన అప్పటిదేనండి. ఆ దెబ్బనుంచి తేరుకునే దారులన్నీ మనమే మూసేశాం. నాకు కోపం వచ్చేది అక్కడే.

1974 శరత్తులో చలివానలకి ఆల్ప్స్ దాటలేక వానకోయిలలు లక్షల్లో చిక్కుబడితే, స్విట్జర్లాండు, జర్మనీ జనం వాటిని పెట్టెల్లో పెట్టి రైళ్ళలో, విమానాల్లో వెచ్చటి దక్షిణానికి పంపారు. మనల్ని విమానాలెవరూ అడగలేదు. కాలవలు కట్టేసిన రోజుల్లో వంతెనకి మరమ్మతు చేసేవాళ్ళు గూట్లో పిల్లలున్నాయేమో చూడండి. ఉంటే మూడు వారాలాగి గీకండి, ఈలోపు అవి ఎగిరిపోతాయి. తాడిచెట్టుకి వేలాడే ఎండుకమ్మలన్నీ ఒకేసారి నరికి దింపకండి. పెరటి చివర గజం మేర బురద ఉంటే ఉండనివ్వండి, దానిమీద కూడా సిమెంటు పొయ్యకండి.