గూండా మంత్రం

తెలంగాణలో కొందరికి బెయిలు దొరకడమే గండం. కేసు పెడతారు, కోర్టు బెయిలిస్తుంది, ఇంట్లోవాళ్లు జామీనుదార్లను బతిమాలుకుని జైలు గేటు దగ్గరికి చేరతారు. అప్పటికే అక్కడ పీడీ యాక్ట్ కింద ముందస్తు నిర్బంధ ఉత్తర్వు కాసుకుని ఉంటుంది. బెయిలు నచ్చకపోతే పైకోర్టులో రద్దు చేయించుకోవచ్చు కదా అంటారేమో. అక్కడ ఆధారాలడుగుతారండీ! ఇక్కడ అధికారిగారికి ‘సంతృప్తి’ కలిగితే చాలు, మనిషి ఏడాది దాకా లోపలే. విచారణ ఉండదు, రుజువు ఉండదు. నిర్బంధం సబబో కాదో చూసే సలహా మండలి ముందు వకీలు కావాలనే హక్కూ ఉండదు.

మరి రాజ్యాంగం ఏం చేస్తోంది? 22వ అధికరణ మొదటి సగంలో వకీలునిచ్చింది, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టమంది. ముందస్తు నిర్బంధమైతే అవి వర్తించవని రెండో సగంలో చెప్పింది. (1950 జనవరిలో రాజ్యాంగం అమల్లోకొస్తే ఫిబ్రవరికే ముందస్తు నిర్బంధ చట్టం తయారు. మన ఏలికలు అంత చురుకు.) అయినా ఎందుకు పట్టుకున్నారో చెప్పాలని, మొరపెట్టుకోవడానికి త్వరగా వీలివ్వాలని, మూడు నెలలు దాటాలంటే సలహా మండలి ఒప్పుకోవాలని అందులోనే రాశారు. ఆ కాసిని ముక్కలూ, స్వేచ్ఛకి హామీ ఇచ్చే 21వ అధికరణా పట్టుకునే జనం బయటపడుతున్నారు.

మిరప విత్తనాల వ్యాపారి సంగతి చూడండి. నకిలీవి అమ్మాడని ఆరోపణ. దానికి విత్తనాల చట్టం ఉంది, చీటింగు సెక్షన్ ఉంది. వాటితో ఆలస్యమవుతుందని ఆయనకి ‘గూండా’ బిరుదిచ్చి లోపలేశారు. గూండా గూండా అని జపించినంత మాత్రాన నిర్బంధం చెల్లదని 2017లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ప్రభుత్వం తర్వాత తప్పు దిద్దుకుంది: నకిలీ విత్తనాల నేరస్థుల్ని ఏకంగా పీడీ యాక్ట్ పేరులోకే ఎక్కించింది! సారా వ్యాపారులు, బందిపోట్లు, భూకబ్జాదారుల వంటివాళ్లతో 1986లో మొదలైన ఆ పేరులో ఇప్పుడు ఎరువులు, అడవులు, జూదం, సైబర్, వైట్ కాలర్ నేరస్థులు కూడా ఉన్నారు. ఒక్క గుక్కలో చదవలేరు. మునిగిన మిరప రైతుకి కావాల్సింది నష్టపరిహారం, కోర్టులో నిలిచే కేసు. వ్యాపారిని విచారణ లేకుండా ఏడాది కూర్చోబెడితే ఆ రైతు అప్పు తీరుతుందా?

మామూలు శాంతిభద్రతల గొడవ వేరు, ప్రజా జీవనాన్నే కుదిపే అలజడి వేరని, ఇలాంటి నిర్బంధం రెండోదానికేనని 1965లో లోహియా కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2021లో చీటింగు కేసులో, 2022లో ఉద్యోగాలిప్పిస్తానన్న మోసం కేసులో మళ్లీ ఆ పాఠమే తెలంగాణకి చెప్పింది. 2023లో అమీనా బేగం కేసులోనైతే, దేశం 75 ఏళ్ల స్వాతంత్ర్య వేడుకలు చేసుకుంటుంటే కొందరు పోలీసు అధికారులకి ప్రాథమిక హక్కులు పట్టడం లేదని తలంటింది. 2024లో గొలుసు దొంగతనాల కేసులో సలహా మండళ్లనీ రబ్బరు స్టాంపులు కావొద్దని హెచ్చరించింది. దున్నపోతు మీద వాన.

ఉత్తర్వు కొట్టేస్తే నిర్బంధంలో ఉన్నవాడు ఇంటికెళతాడు. గెలిచాడు, నిజమే. పోయిన నెలలకి లెక్క ఎవరు చెప్పాలి? సదుద్దేశంతో చేసిన పనికి దావా వేయకూడదని అధికారులకి పీడీ యాక్ట్‌లోనే రక్షణ ఉంది. కాబట్టి ప్రభుత్వానికి ఓ చిన్న సవరణ మనవి చేస్తున్నాను. ‘అలవాటుగా అక్రమ నిర్బంధ ఉత్తర్వులు రాసే నేరస్థులు’ అని ఇంకో తరగతి చేర్చండి. పాత రికార్డు సుప్రీంకోర్టులో భద్రంగా ఉంది. మామూలు చట్టాలతో వీళ్లు దారికి రారని నాకైతే పూర్తిగా సంతృప్తి కలిగింది.