దాహానికీ హోదా కావాలి!

మనిషికి రోజుకు ఎన్ని నీళ్లు కావాలి? డాక్టరును అడగొద్దు. సర్కారును అడగండి. మిషన్ భగీరథ లెక్కలో పల్లె మనిషికి 100 లీటర్లు. మున్సిపాలిటీ మనిషికి 135. కార్పొరేషన్ మనిషికి 150. గొంతు ఎండటానికీ ఓ హోదా ఉందన్నమాట! మన ఇబ్రహీంపట్నం ఒకప్పుడు గ్రామపంచాయతీ. ఇప్పుడు మున్సిపాలిటీ. ఆఫీసు బోర్డు మారింది, మన దాహం తలకు 35 లీటర్లు పెరిగింది. ఈ ప్రమోషన్ కబురు పన్నుల నోటీసుకు వెంటనే తెలిసిపోతుంది. నల్లాకే ఎందుకో ఆలస్యంగా చేరుతుంది!

సరే, కాగితాన్నే నమ్ముదాం. ఇంట్లో నలుగురు. తలకు 135 చొప్పున రోజుకు 540 లీటర్లు. నెలకు 16,200. బిల్లు భాషలో వెయ్యి లీటర్లంటే ఒక కిలోలీటరు. అంటే మన వాటా 16.2 కిలోలీటర్లు. దీనికి హైదరాబాద్ జలమండలి ఏళ్లుగా నడిపిన రేటు కట్టి చూడండి. మొదటి 15 కిలోలీటర్లకు పదేసి రూపాయలు. ఆపైన పన్నెండేసి. మొత్తం రూ.164.40. దాని మీద 35 శాతం మురుగునీటి సెస్సు. అంతా కలిపితే రూ.222 లోపే. బాగానే ఉంది కదా? ఉంటుంది. నీళ్లొస్తే!

రాకపోతే? అప్పుడు మొదలవుతుంది అసలు బిల్లు. జలమండలి ట్యాంకరే తీసుకోండి. ఐదు వేల లీటర్లకు రూ.500. కిలోలీటరు వంద పడింది. ప్రైవేటు ట్యాంకరువాడి సంగతి చెప్పక్కర్లేదు, ఎండను బట్టి అతని రేటు. ఇక తాగే క్యాను. 20 లీటర్లు 20 రూపాయలే అనుకోండి. కిలోలీటరు వెయ్యి! పైపులో వస్తే పది. లారీలో వస్తే వంద. భుజం మీద వస్తే వెయ్యి. పైపు ఎవరింటికి సరిగ్గా వస్తుంది? క్యాను ఎవరి గుమ్మంలో దిగుతుంది? లేనివాడి దగ్గర వంద రెట్లు గుంజే ఈ స్లాబు ఏ జీవోలోనూ ఉండదు. కానీ ఒక్క రోజు కూడా ఆగకుండా అమలవుతుంది.

పోనీ, ఈ దిక్కున నీళ్లే లేవా? ఎందుకు లేవు? నాగార్జునసాగర్ నీళ్లు కోదండాపూర్‌లో శుద్ధై, పక్క మండలం యాచారంలోని గున్‌గల్ రిజర్వాయర్ మీదుగానే హైదరాబాద్ పోతాయి. 2004లో మొదటి దశ. 2008లో రెండోది. 2015లో మూడోది. మూడూ కలిపితే రోజుకు 270 మిలియన్ గ్యాలన్లు. మన పొలిమేరలో కృష్ణమ్మ పరుగులు పెడుతుంటే, మన వీధిలో మాత్రం 'అక్కా, నల్లా వచ్చిందా?' అని పలకరింపులు!

ఇంకా పాత కథ కావాలంటే పెద్దచెరువు ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో, 16వ శతాబ్దంలో తవ్వించారు. మీటరు లేదు, టెండరు లేదు, శిలాఫలకం మీద ఫొటో లేదు. వాన పడితే నిండాలి, అంతే. మనం తెలివి మీరినవాళ్లం కదా, నీళ్లొచ్చే దారులను నిర్లక్ష్యం చేశాం. దశాబ్దాల తరువాత 2022లో చెరువు నిండి మత్తడి దుంకితే ఊరంతా సంబరపడ్డది. నాయకులూ పూలు చల్లారు. వాన తమ శాఖదే అన్నట్టు!

ఇక ఉచితం ముచ్చట. 2020 చివర్లో జీహెచ్‌ఎంసీ ఎన్నికలు. ఇంటికి నెలకు 20 కిలోలీటర్లు ఉచితమని హామీ. 2021 జనవరి 12న పథకం మొదలు. అయితే మీటరుండాలి. ఆధార్ ముడిపెట్టాలి. గడువు పెంచారు, మళ్లీ పెంచారు. ఉచితంగా ఇవ్వడానికి ఇంత పత్రాల పని ఉంటుందా? మరి ఆ పథకం అందని ఇబ్రహీంపట్నం చేసిన పాపమేమిటి? దాని మున్సిపల్ ఎన్నికలు 2020 జనవరిలోనే ముగిశాయి. తొందరపడి ఓటేశారు, అనుభవించండి!

బకాయిల భాగోతం వేరే. 2024 అక్టోబరులో జలమండలి వన్‌టైమ్ సెటిల్‌మెంట్ తెచ్చింది. పాత బాకీ కడితే వడ్డీ, జరిమానా మాఫీ. నెలనెలా క్యూలో నిలబడి కట్టినోడికి ఏమిటి? రసీదు. బాకీపడ్డవారి జాబితా తిరగేస్తే సర్కారు ఆఫీసులూ కనిపిస్తాయి. మీ వీధిలో కనెక్షన్ కోయడానికి కట్టర్ పట్టుకొచ్చేవారు ఆ ఆఫీసుల గేటు ముందు ఎందుకు వినయంగా చెప్పులు విడుస్తారు?

మీటరునైనా నమ్ముదామా? చాలాసేపు ఆగిన పైపులోకి నీళ్లు వదిలితే ముందు గాలి తన్నుకొస్తుంది. ఆ గాలికీ మీటరు గిర్రున తిరుగుతుంది. చుక్క పడకముందే లెక్క మొదలు! మీటరే లేని చిన్న పట్టణాల్లో ఇంకా సుఖం. రోజూ వచ్చినా, రోజు విడిచి రోజు వచ్చినా, నెలకు ఒకటే మొత్తం. ఆకు వేసి, అన్నం మరిచిపోయి, భోజనం డబ్బులు అడిగినట్టు!

కాబట్టి ఈసారి మీరే కొలవండి. 20 లీటర్ల బకెట్ నల్లా కింద పెట్టండి. గడియారం చూడండి. రెండు నిమిషాల్లో నిండిందా? నిమిషానికి పది లీటర్లు. గంటసేపు వస్తే 600. రోజు విడిచి రోజు అయితే నెలకు 15 సార్లు. మొత్తం తొమ్మిది కిలోలీటర్లు. జలమండలి రేటున, సెస్సు లేకుండా, రూ.90 నీళ్లు. ఇప్పుడు మీ చేతిలోని బిల్లు చూడండి. నవ్వొచ్చిందా? కడుపు మండిందా?

'ఇంటింటికీ నల్లా ఇవ్వకుంటే ఓట్లడగం' అన్నది ఒక ప్రభుత్వం. నల్లాలు బిగించింది, ఓట్లూ అడిగింది. ఎన్ని గంటలు నీళ్లొస్తాయో రాసిచ్చింది ఎవరు? ఇప్పుడు జెండా మారింది. గోడమీద రంగు మారింది. మన చేతికి ఆ రాసిచ్చిన కాగితం ఇంకా రాలేదు.

అందుకే ఆ బిల్లు వెనక్కి తిప్పి మన బిల్లు రాద్దాం. ఇస్తామన్నవి 16.2 కిలోలీటర్లు. ఇచ్చినవి తొమ్మిది. బాకీ 7.2. ఆలస్య రుసుం అదనం. మాఫీ పథకం లేదు. గడువు తప్పితే కనెక్షన్ కట్. ఏ కనెక్షనో వాళ్లకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు, ఐదేళ్లకోసారి దాని కోసమే మన గడప తొక్కుతారు.